మెమరీ తాళాలు ప్రోగ్రామర్ చేతికిచ్చిన డెన్నిస్ రిచీ

మరోదా (భిలాయ్): ఉక్కు నగరం భిలాయ్‌లో భాగమైన మరోదాలో పెరిగిన తెలుగు కుటుంబాలకు క్వార్టర్ల కేటాయింపు కొత్త విషయం కాదు. ఉద్యోగికి ఇల్లు కేటాయిస్తారు. రిజిస్టరులో ఆయన పేరు ఎక్కుతుంది. పదవీ విరమణ తర్వాత తాళాలు అప్పగిస్తే ఆ ఇల్లు మరొకరికి వెళుతుంది. ఇది సజావుగా సాగాలంటే మూడు నియమాలు పాటించాలి. ఒకే ఇంటిని ఏకకాలంలో ఇద్దరికి ఇవ్వరాదు. ఖాళీ చేసినవారు తమ దగ్గర మిగిలిన మారుతాళంతో మళ్లీ ఆ ఇంట్లోకి వెళ్లరాదు. అవసరం తీరిన ఇంటిని అప్పగించకుండా అట్టిపెట్టుకోరాదు.

కంప్యూటర్‌లో ఇదే పనిని కెర్నల్ చేస్తుంది. ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ వంటి ఈ ప్రోగ్రామ్ ఉన్న కొద్దిపాటి మెమరీని అడిగినవారికి పంచుతుంది, పని ముగిశాక తిరిగి తీసుకుంటుంది. పై మూడు నియమాలలో ఏ ఒక్కటి తప్పినా యంత్రం ఆగిపోవచ్చు, లెక్కలు తారుమారు కావచ్చు, అపరిచితులు లోపలికి చొరబడవచ్చు. అటువంటి తప్పులను వెతికి పట్టుకోవడం నేటికీ సాఫ్ట్‌వేర్ రంగంలో అత్యంత కష్టమైన పనులలో ఒకటి.

ఈ రిజిస్టరును, ఈ తాళాలను నేరుగా ప్రోగ్రామర్ చేతిలో పెట్టిన వ్యక్తి డెన్నిస్ రిచీ. సి భాష సృష్టికర్తగా, కెన్ థాంప్సన్‌తో కలిసి యూనిక్స్‌ను నిర్మించినవారిగా ఆయన పేరు ఇంజినీరింగ్ విద్యార్థులందరికీ పరిచయమే. ఆ భాష ఇచ్చిన స్వేచ్ఛ ప్రపంచాన్ని నడిపించింది. అదే స్వేచ్ఛ నుంచి పుట్టిన పొరపాట్లు ఇప్పటికీ ప్రపంచాన్ని వేధిస్తున్నాయి. ఈ రెండింటినీ కలిపి చూస్తేనే రిచీ జీవితం అర్థమవుతుంది.

తండ్రి బాటలో ప్రయోగశాలకు

డెన్నిస్ మాకలిస్టర్ రిచీ 1941 సెప్టెంబర్ 9న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రం బ్రాంక్స్‌విల్‌లో జన్మించారు. ఆయన బాల్యంలోనే కుటుంబం న్యూజెర్సీలోని సమిట్ పట్టణానికి తరలివెళ్లింది. తండ్రి అలిస్టర్ రిచీ బెల్ ప్రయోగశాలల్లో పనిచేసేవారు. టెలిఫోన్ స్విచింగ్ వ్యవస్థలు ఆయన రంగం. స్విచింగ్ సర్క్యూట్ల రూపకల్పనపై ఆ రోజుల్లో పేరున్న గ్రంథానికి ఆయన సహ రచయిత. పెద్దవాడయ్యాక కుమారుడు సైతం అదే సంస్థలో అడుగుపెట్టి దాదాపు నాలుగు దశాబ్దాలు పనిచేశారు.

రిచీ హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో భౌతిక శాస్త్రం చదివి 1963లో పట్టభద్రులయ్యారు. అక్కడే యూనివాక్ కంప్యూటర్‌పై జరిగిన ఒక ఉపన్యాసం ఆయన మనసును కంప్యూటర్ల వైపు మళ్లించింది. ఆ తర్వాత అనువర్తిత గణితంలో పరిశోధన చేపట్టారు. ఆయన సిద్ధాంత వ్యాసం గణన సంక్లిష్టతకు సంబంధించినది. 1968 నాటికి వ్యాసం పూర్తయింది. అయితే బైండు చేయించిన తుది ప్రతిని విశ్వవిద్యాలయానికి సమర్పించలేదు. ఆ కారణంగా డాక్టరేట్ పట్టా ఆయనకు చేరలేదు. జీవితాంతం పట్టా లేకుండానే పనిచేశారు. దశాబ్దాల పాటు ఎవరి కంటా పడని ఆ వ్యాసాన్ని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం 2020లో ప్రజలకు అందుబాటులోకి తెచ్చింది.

1967లోనే ఆయన న్యూజెర్సీలోని ముర్రే హిల్‌లో ఉన్న బెల్ ప్రయోగశాలల కంప్యూటింగ్ పరిశోధన విభాగంలో చేరారు. అప్పటికి ఆ సంస్థ మసాచుసెట్స్ సాంకేతిక విద్యా సంస్థ, జనరల్ ఎలక్ట్రిక్‌లతో కలిసి మల్టిక్స్ అనే భారీ ఆపరేటింగ్ సిస్టమ్ నిర్మాణంలో ఉంది. ఎందరో వినియోగదారులు ఒకే యంత్రాన్ని ఏకకాలంలో పంచుకోవాలన్నది ఆ ప్రాజెక్టు ఆశయం. ఆశయం గొప్పదే గానీ పని నత్తనడకన సాగింది, ఖర్చు పెరిగింది. 1969లో బెల్ ప్రయోగశాలలు ప్రాజెక్టు నుంచి తప్పుకున్నాయి.

ఇరుకు గదిలో కాపురం

మల్టిక్స్‌పై పనిచేసిన కొద్దిమందికి పాత పద్ధతులకు తిరిగి వెళ్లడం ఇష్టం లేకపోయింది. వారిలో కెన్ థాంప్సన్ ముందున్నారు. పెద్దగా వాడకంలో లేని పీడీపీ-7 అనే చిన్న యంత్రం ఆయనకు దొరికింది. 1969 వేసవిలో ఆ యంత్రంపై చిన్న ఆపరేటింగ్ సిస్టమ్‌ను రూపొందించారు. దాని వెనుక ఉన్న ఫైల్ వ్యవస్థ ఆలోచనలో రిచీ కూడా పాలుపంచుకున్నారు. మరుసటి ఏడాది దానికి యూనిక్స్ అనే పేరు స్థిరపడింది.

ఆ పీడీపీ-7లో ఉన్న మెమరీ 18 బిట్ల పదాలు 8 వేలకు కాస్త ఎక్కువ మాత్రమే. ఆ తర్వాత పేటెంట్ల విభాగానికి పత్రాలు తయారుచేసే వ్యవస్థను అందిస్తామన్న హామీతో పీడీపీ-11 యంత్రాన్ని సంపాదించారు. అందులో మొత్తం మెమరీ 24 కిలోబైట్లు. 16 కిలోబైట్లు సిస్టమ్‌కు, 8 కిలోబైట్లు వినియోగదారుల ప్రోగ్రాములకు కేటాయించారు. ఈనాడు ఫోన్‌లో తీసే ఒక్క ఫొటోకు ఆ యంత్రం మెమరీ అంతా కలిపినా చాలదు.

ఇరుకు ఒక్కటే సమస్య కాదు. ఒక ప్రోగ్రామ్ తన హద్దు దాటి మరొకరి మెమరీలో రాయకుండా అడ్డుకునే రక్షణ ఏర్పాటు ఆ తొలి పీడీపీ-11లో లేదు. ఎవరో ఒకరు రాసిన కొత్త ప్రోగ్రామ్‌లో చిన్న తప్పు ఉన్నా సిస్టమ్ మొత్తం కూలిపోయేది, అందరి పనీ పోయేది. మెమరీ విషయంలో ఒకరి పొరపాటు అందరికీ నష్టమన్న పాఠాన్ని ఆ బృందం రోజువారీ అనుభవంలో నేర్చుకుంది.

యాదృచ్ఛికమే అయినా గమనించదగిన విషయం ఒకటుంది. యూనిక్స్ పురుడు పోసుకున్న 1969లోనే హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా దేశీయంగా తయారైన టీడీసీ-12 కంప్యూటర్‌ను వెలువరించింది. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లుకు చెందిన అయ్యగారి సాంబశివరావు ఆ సంస్థకు సారథి. ఆ తరం కంప్యూటర్లలో మెమరీ అంటే సన్నని తీగలకు గుచ్చిన ఫెర్రైట్ వలయాలే. కూలిపోయిన ప్రోగ్రామ్ తాలూకు మెమరీ చిత్రాన్ని నేటికీ ప్రోగ్రామర్లు కోర్ డంప్ అని పిలవడానికి మూలం ఆ వలయాలే. ఆ వలయాలు పోయి అర్ధశతాబ్దం కావస్తున్నా పేరు మాత్రం మిగిలింది.

సి భాష పుట్టుక

తొలి యూనిక్స్‌ను యంత్రానికి అతి దగ్గరైన అసెంబ్లీ భాషలో రాశారు. యంత్రం మారితే ప్రతి పంక్తినీ మళ్లీ రాయవలసిందే. థాంప్సన్ అప్పటికే బి అనే చిన్న భాషను తయారుచేశారు. అందులో ఏ విలువకూ రకం అనేది లేదు, అన్నీ ఒకే కొలత గల పదాలు. పీడీపీ-11 మాత్రం బైట్లుగా మెమరీని లెక్కించే యంత్రం. అక్షరానికి ఒక కొలత, సంఖ్యకు మరో కొలత. బి భాష అక్కడ ఇమడలేదు.

ఆ లోటు పూడ్చే పనిని రిచీ చేపట్టారు. విలువలకు రకాలను జోడించారు. 1972 నాటికి భాష రూపం దిద్దుకుంది. అక్షర క్రమంలో బి తర్వాత వచ్చే సి పేరు దానికి దక్కింది. ఈ భాషలో కీలకమైనది పాయింటర్. మెమరీలో ఒక చోటును సూచించే చిరునామా అది. చిరునామాకు ఒకటి కలిపితే పక్క గదికి, రెండు కలిపితే ఆ పై గదికి వెళ్లవచ్చు. ఆ గది మనదా, పరాయిదా అని భాష అడగదు. యంత్రం వేగాన్ని ఏమాత్రం తగ్గించకుండా ప్రోగ్రామర్‌కు అది పూర్తి అధికారం ఇచ్చింది.

ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నల్‌ను సి భాషలో రాయాలని 1972లో థాంప్సన్ ఒకసారి ప్రయత్నించి విరమించారు. సంబంధిత విలువలను ఒకే కట్టగా చూపే స్ట్రక్చర్ అనే సదుపాయం అప్పటికి భాషలో లేదు. రిచీ దానిని చేర్చిన తర్వాత 1973 వేసవిలో ఇద్దరూ కలిసి కెర్నల్‌ను సి భాషలో తిరగరాశారు. ఆపరేటింగ్ సిస్టమ్ అంటే అసెంబ్లీలోనే రాయాలని నమ్మే రోజులలో అది సాహసం. 1974 జూలైలో ఇద్దరూ కలిసి ప్రచురించిన వ్యాసంతో యూనిక్స్ విశ్వవిద్యాలయాలకు పరిచయమైంది.

కెర్నల్‌లోని కేటాయింపు రిజిస్టరు

ఆనాటి యూనిక్స్ కెర్నల్‌లో మెమరీని పంచే భాగం చాలా చిన్నది. ఖాళీగా ఉన్న స్థలాల పట్టిక ఒకటి అందులో ఉండేది. ప్రతి పద్దులో రెండే అంకెలు, ఎంత స్థలం ఖాళీగా ఉంది, అది ఎక్కడ మొదలవుతుంది. పద్దులన్నీ చిరునామాల వరుసలో ఉండేవి. ఎవరైనా మెమరీ అడిగితే మొదటి నుంచి వెతుకుతూ, అవసరానికి సరిపోయే తొలి ఖాళీలోంచి ఆ మేరకు కోసి ఇచ్చేది. తిరిగి ఇచ్చినప్పుడు పక్కన కూడా ఖాళీ ఉంటే రెండింటినీ కలిపి ఒకే పద్దుగా రాసేది. డిస్కులో తాత్కాలికంగా ప్రోగ్రాములను దాచే స్థలానికీ ఇదే పద్ధతి.

పక్కపక్క ఖాళీలను కలపడం చిన్న విషయంగా కనిపించినా అందులోనే కిటుకు ఉంది. కలపకపోతే మెమరీ ముక్కచెక్కలవుతుంది. మొత్తం లెక్కలో చాలినంత ఖాళీ ఉంటుంది, ఒక్కచోట మాత్రం దొరకదు. ఊరంతా విడివిడిగా వంద గదులు ఖాళీగా ఉన్నా పెళ్లి భోజనాలకు ఒక్క హాలు దొరకనట్టే.

బ్రయాన్ కెర్నిహన్‌తో కలిసి రిచీ 1978లో సి భాషపై పుస్తకం వెలువరించారు. రచయితల ఇంటిపేర్ల తొలి అక్షరాలతో కె అండ్ ఆర్ అని ప్రసిద్ధి పొందిన ఆ పుస్తకం చివరి అధ్యాయంలో చివరి ఉదాహరణ మెమరీ కేటాయింపు ప్రోగ్రామే. ఖాళీ ముక్కలను గొలుసుగా ఎలా కట్టాలి, అడిగినవారికి ఎలా కోసివ్వాలి, తిరిగి వచ్చినదాన్ని పక్క ముక్కలతో ఎలా కలపాలి అన్నవి కొద్ది పేజీల్లో చూపారు. మెమరీ పంపకం ఒక రహస్య విద్య అనిపించుకోకుండా, ఏ విద్యార్థి అయినా చదివి అర్థం చేసుకోగల మామూలు ప్రోగ్రామ్‌గా దాన్ని బయటపెట్టారు.

దొంగ ఒకచోట, దెబ్బ మరోచోట

మెమరీ తప్పులు ప్రధానంగా నాలుగు రకాలు. తీసుకున్నది తిరిగి ఇవ్వకపోవడం మొదటిది. దీనిని లీక్ అంటారు. కుళాయి చుక్క చుక్కగా కారి ట్యాంకు ఖాళీ అయినట్టు, రోజుల తరబడి నడిచే యంత్రంలో మెమరీ హరించుకుపోతుంది. ఒకసారి ఇచ్చేసిన దాన్ని మళ్లీ ఇవ్వడం రెండోది. అప్పుడు రిజిస్టరు లెక్కే తప్పి, ఒకే చోటు ఇద్దరికి కేటాయింపు కావచ్చు. ఇచ్చేసిన తర్వాత కూడా పాత చిరునామాతో వాడుకోవడం మూడోది. మారుతాళంతో పాత ఇంట్లోకి వెళ్లడం వంటిదే ఇది. కేటాయించిన హద్దు దాటి పక్కవారి స్థలంలో రాయడం నాలుగోది.

మామూలు ప్రోగ్రామ్‌లో ఈ తప్పు జరిగితే కెర్నల్ దానిని ఆపివేసి మిగతా పనులను కాపాడుతుంది. కెర్నల్‌లోనే తప్పు జరిగితే కాపాడేవారు ఎవరూ ఉండరు. పైగా తప్పు జరిగిన క్షణంలో యంత్రం ఆగదు. ఒక డ్రైవర్ ప్రోగ్రామ్ పొరపాటున పక్కవారి బైట్ ఒకటి చెరిపివేస్తుంది. గంటల తర్వాత ఆ బైట్‌ను నమ్ముకున్న ఫైల్ వ్యవస్థ కుప్పకూలుతుంది. నివేదికలో నేరస్థుడిగా కనిపించేది ఫైల్ వ్యవస్థే. అసలు దోషి అప్పటికే తన పని ముగించుకుని వెళ్లిపోయి ఉంటుంది. గమనిద్దామని కెర్నల్‌లో అదనపు పంక్తి చేరిస్తే మెమరీలో అమరిక మారి ఆ తప్పు కనిపించకుండా పోవడమూ సాధారణమే.

ఇటువంటి తప్పులకు కెర్నల్ రాసినవారు కూడా అతీతులు కారు. యూనిక్స్ ఆరో విడుదలలో ఒక ప్రక్రియ నుంచి మరో ప్రక్రియకు మారే చోట, డిస్కుకు తరలిన ప్రక్రియ తిరిగి వచ్చినప్పుడు ఏం చేయాలో చెప్పే కొన్ని పంక్తులు ఉండేవి. చదివేవారికి ఇది అర్థం కావాలని ఎవరూ ఆశించడం లేదన్న భావంతో ఒక వ్యాఖ్య అక్కడ రాసి ఉంది. విద్యార్థి లోకంలో అది పెద్దల గర్వానికి గుర్తుగా ప్రచారమైంది. రిచీ తరువాతి కాలంలో దానిపై వివరణ ఇచ్చారు. పరీక్షలో రాని ప్రశ్న అన్నట్టుగా తేలిక మాటగా రాశామని, నిజానికి ఆ చోట ఏం జరుగుతోందో తమకూ పూర్తిగా తెలియలేదని ఒప్పుకున్నారు. ఆ పంక్తులు పీడీపీ-11 యంత్రం ప్రత్యేకతపై ఆధారపడ్డాయి. 1970ల చివర్లో స్టీవ్ జాన్సన్‌తో కలిసి యూనిక్స్‌ను ఇంటర్‌డేటా 8/32 అనే భిన్నమైన యంత్రానికి మార్చే ప్రయత్నంలో ఆ పద్ధతి పనికిరాదని తేలింది. దాన్ని సరిదిద్దారు. ఒక యంత్రంపై ఏళ్ల తరబడి నిక్షేపంగా నడిచిన తప్పు మరో యంత్రంపై బయటపడటం కెర్నల్ పనిలో అందరికీ ఎదురయ్యే అనుభవం. దానిని దాచకపోవడం రిచీ స్వభావం.

1988 నవంబర్ 2

సి భాష స్వేచ్ఛకు చెల్లించవలసిన మూల్యం ఎంతటిదో ప్రపంచానికి తెలిసిన రోజు 1988 నవంబర్ 2. ఆనాడు ఒక ప్రోగ్రామ్ తనంతట తాను ఒక యంత్రం నుంచి మరో యంత్రానికి పాకుతూ ఇంటర్‌నెట్‌లోని వేలాది కంప్యూటర్లను స్తంభింపజేసింది. అది ప్రయోగించిన మార్గాలలో ఒకటి మెమరీ హద్దు దాటడం. యూనిక్స్‌లో వినియోగదారుల వివరాలు చెప్పే ఒక సేవ, వచ్చే సందేశానికి 512 బైట్ల చోటు కేటాయించింది. వచ్చినది ఎంత పొడవో చూడకుండా లోపలికి తీసుకునే గెట్స్ అనే సి ఫంక్షన్‌ను అది వాడింది. ఆ ప్రోగ్రామ్ 536 బైట్లు పంపింది. అదనంగా వచ్చిన 24 బైట్లు యంత్రం పగ్గాలను అపరిచితుడి చేతిలో పెట్టాయి.

దానిని రాసిన విద్యార్థి రాబర్ట్ టాపన్ మోరిస్. ఆయన తండ్రి రాబర్ట్ మోరిస్ బెల్ ప్రయోగశాలల్లో రిచీ సహోద్యోగిగా యూనిక్స్ భద్రతపై పనిచేసినవారు. ఆ విధంగా దెబ్బ తగిలిన భాష, దెబ్బ కొట్టిన యువకుడు రెండూ ఒకే ప్రయోగశాల నీడలో పెరిగినవే.

ఆ గెట్స్ ఫంక్షన్‌ను సి భాష ప్రమాణం నుంచి పూర్తిగా తొలగించడానికి మరో 23 ఏళ్లు పట్టింది. తొలగించిన ప్రమాణం 2011 డిసెంబర్‌లో వెలువడింది. అప్పటికి రిచీ మరణించి రెండు నెలలు.

తాళానికి హద్దు కట్టాలన్న ప్రయత్నం

తన భాషలోని ప్రమాదాలు రిచీకి తెలియనివి కావు. ముర్రే హిల్ బృందంలోనే స్టీవ్ జాన్సన్ సి ప్రోగ్రాములలో అనుమానాస్పదమైన పంక్తులను ముందుగానే పట్టి చూపే లింట్ అనే సాధనాన్ని తయారుచేశారు. కంపైలర్‌ను వేగంగా, చిన్నదిగా ఉంచి, కఠినమైన తనిఖీని వేరే సాధనానికి అప్పగించాలన్నది ఆనాటి ఆలోచన. తనిఖీ చేయించుకోవడం మాత్రం ప్రోగ్రామర్ ఇష్టానికి వదిలేశారు. చాలామంది చేయించుకోలేదు.

1988లో సి భాషకు అధికారిక ప్రమాణం సిద్ధమవుతున్న దశలో పాయింటర్ల విషయంలో ఒక కొత్త పదాన్ని చేర్చాలని ప్రమాణ సంఘం తలపెట్టింది. ఒకే మెమరీ చోటును రెండు పాయింటర్లు సూచించవని కంపైలర్ ఊహించుకోవడానికి అది వీలు కల్పిస్తుంది. సంఘం పనిలో సాధారణంగా జోక్యం చేసుకోని రిచీ దీనిని మాత్రం తీవ్రంగా వ్యతిరేకిస్తూ లేఖ రాశారు. ఇప్పటికే జాగ్రత్త అవసరమైన చోట ప్రోగ్రామర్‌కు కనిపించని గోతులు తవ్వుతుందన్నది ఆయన అభ్యంతరం. సంఘం ఆ పదాన్ని ఉపసంహరించుకుంది.

మరికొంత కాలానికి, 1990లో ఆయన ఒక ప్రతిపాదన ముందుకు తెచ్చారు. కొలత ముందుగా తెలియని వరుసలను సి భాషలో వాడటానికి, పాయింటర్ కేవలం చిరునామాను కాక వరుస పొడవును కూడా తన వెంట మోసుకెళ్లాలని సూచించారు. తాళంతో పాటు ఆ ఇంటి హద్దుల పటం కూడా చేతికివ్వడం వంటిది ఇది. పొడవు తెలిసి ఉంటే హద్దు దాటే చోట ఆపే అవకాశం ఉంటుంది. 1999లో వచ్చిన ప్రమాణం మాత్రం వేరే పద్ధతిని స్వీకరించింది. రిచీ సూచించిన పాయింటర్ సి భాషలోకి రాలేదు. భాషను సృష్టించిన వ్యక్తి చెప్పినా దాని దారి మళ్లలేదు. లక్షల ప్రోగ్రాములు, వేల మంది ప్రోగ్రామర్లు అప్పటికే పాత పద్ధతికి అలవాటు పడ్డారు.

ఒంటరి నిష్క్రమణ

కంప్యూటర్ శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారాన్ని 1983లో రిచీ, థాంప్సన్‌లకు కలిపి ప్రకటించారు. అమెరికా జాతీయ సాంకేతిక పతకాన్ని 1999లో అధ్యక్షుడు బిల్ క్లింటన్ చేతుల మీదుగా ఇద్దరూ అందుకున్నారు. 2011లో జపాన్ ప్రైజ్ వరించింది. పురస్కారాలు వచ్చినా జీవన విధానం మారలేదు. రాత్రి పొద్దుపోయే వరకు పనిచేయడం, తక్కువగా మాట్లాడటం, క్లుప్తంగా రాయడం ఆయన అలవాట్లు. ఆయన వివాహం చేసుకోలేదు. యూనిక్స్ తర్వాత ప్లాన్ 9, ఇన్‌ఫెర్నో ఆపరేటింగ్ సిస్టమ్‌ల నిర్మాణంలో పాల్గొన్నారు. 2007లో పదవీ విరమణ చేశారు.

2011 అక్టోబర్ 12న న్యూజెర్సీలోని బర్క్‌లీ హైట్స్‌లో తన ఇంట్లో రిచీ మరణించి కనిపించారు. ఆయన వయసు 70 ఏళ్లు. కొన్నేళ్లుగా అనారోగ్యంతో ఉన్నారు. సహోద్యోగి రాబ్ పైక్ ద్వారా ఆ వార్త బయటి ప్రపంచానికి తెలిసింది. వారం రోజుల ముందు, అక్టోబర్ 5న యాపిల్ సంస్థ సహ వ్యవస్థాపకుడు స్టీవ్ జాబ్స్ మరణించారు. ప్రపంచమంతటా పత్రికలు ఆయనకు నివాళులర్పించడంలో మునిగి ఉన్నాయి. రిచీ నిష్క్రమణ చాలామందికి ఆలస్యంగా, కొందరికి ఎన్నడూ తెలియలేదు. జాబ్స్ చేతిలోని ఫోన్ లోపల నడిచే వ్యవస్థకు మూలం మాత్రం యూనిక్స్. దాని కెర్నల్‌ను రాసింది ప్రధానంగా సి భాషలో.

రిజిస్టరు ఇంకా తెరిచే ఉంది

నేడు ఆండ్రాయిడ్ ఫోన్లను, బ్యాంకుల సర్వర్లను, ప్రపంచంలోని అత్యంత శక్తిమంతమైన సూపర్‌కంప్యూటర్లను నడిపే లినక్స్ కెర్నల్ సి భాషలో రాసినదే. అందులో మెమరీ పంపకం 1970ల నాటి చిన్న పట్టికను దాటి ఎంతో ఎదిగింది. 1994లో సన్ మైక్రోసిస్టమ్స్‌కు చెందిన జెఫ్ బాన్‌విక్ వివరించిన స్లాబ్ పద్ధతి దానికి మార్గదర్శకమైంది. ఒకే కొలత గల వస్తువులకు ఒకే వరుసలో గదులు కట్టి ఉంచి, అడిగిన వెంటనే ఇవ్వడం దాని సారం.

తప్పులను పట్టే విద్య కూడా ఎదిగింది. తిరిగి వచ్చిన గదిని వెంటనే ఒక గుర్తు విలువతో నింపి ఉంచుతారు. తర్వాత ఆ గుర్తు చెదిరిందంటే ఎవరో మారుతాళంతో లోపలికి వెళ్లినట్టే. గదికి ఇరువైపులా ఎవరూ తాకరాని పట్టీలు వదులుతారు. వాటిపై ఏదైనా రాసి ఉంటే హద్దు దాటినట్టే. లీక్‌లను వెతకడానికి కెమెమ్‌లీక్ అనే సాధనం మెమరీ అంతా గాలించి, ఎవరి దగ్గరా చిరునామా లేని అనాథ గదులను చూపిస్తుంది. 2015 నుంచి లినక్స్‌లో ఉన్న కేసాన్ అనే సాధనం ప్రతి 8 బైట్లకు ఒక నీడ బైట్ చొప్పున కేటాయించి, ఏది వాడదగినదో, ఏది కాదో అందులో నమోదు చేస్తుంది. తప్పు జరిగిన క్షణంలోనే అసలు దోషిని, ఆ గదిని కేటాయించినవారిని, ఖాళీ చేసినవారిని కలిపి నివేదిస్తుంది. దీనివల్ల యంత్రం నెమ్మదిస్తుంది కాబట్టి సాధారణంగా పరీక్షల సమయంలోనే వాడతారు.

అయినా తప్పులు ఆగలేదు. తమ ఉత్పత్తుల్లో ఏటా సరిదిద్దే భద్రతా లోపాల్లో సుమారు 70 శాతం మెమరీకి సంబంధించినవేనని మైక్రోసాఫ్ట్ 2019లో వెల్లడించింది. తాళం ఎవరి దగ్గర ఉందో కంపైల్ చేసేటప్పుడే లెక్క తేల్చే రస్ట్ భాషకు 2022 డిసెంబర్‌లో వచ్చిన లినక్స్ 6.1లో తొలిసారి చోటు దక్కింది. కొత్త ప్రోగ్రాములకు సి భాషను వదిలి మెమరీ భద్రత గల భాషలను ఎంచుకోవాలని అమెరికా అధ్యక్ష భవనం సైబర్ విభాగం 2024 ఫిబ్రవరిలో సాఫ్ట్‌వేర్ సంస్థలకు పిలుపునిచ్చింది.

దీనిని రిచీ వైఫల్యంగా చూసేవారు ఉన్నారు. 24 కిలోబైట్ల యంత్రంలో ప్రతి హద్దునూ తనిఖీ చేసే భాషను ఇమిడ్చి ఉంటే యూనిక్స్ పుట్టేదా అన్న ప్రశ్నకు వారు సమాధానం చెప్పవలసి ఉంటుంది. పక్క బల్ల దగ్గర కూర్చున్న పదిమంది నిపుణుల కోసం చేసిన భాష, ఒకరి పొరపాటును మరొకరు వెంటనే పసిగట్టే గది కోసం చేసిన భాష, కోట్ల యంత్రాలకు పాకుతుందని అప్పుడు ఊహించినవారు లేరు. పరిస్థితి మారిందని గ్రహించిన తర్వాత పాయింటర్‌కు హద్దు చెప్పే మార్గాన్ని ఆయనే చూపారు. అప్పటికి తాళాలు ఆయన చేతిలో లేవు.

తెలుగు రాష్ట్రాల్లోనూ, మరోదా వంటి ప్రవాస తెలుగు వాడల్లోనూ ఇంజినీరింగ్‌లో చేరిన విద్యార్థి ఎక్కువగా తొలుత నేర్చేది సి భాషనే. మెమరీ అడిగే మాలోక్, తిరిగి ఇచ్చే ఫ్రీ అన్న రెండు ఫంక్షన్లను పరీక్ష కోసం వల్లె వేసి మరిచిపోయేవారు చాలామంది. వారిలో కొందరు ముందుముందు కెర్నల్‌లపై పనిచేస్తారు. తీసుకున్న ప్రతి బైట్‌ను ఎక్కడ, ఎప్పుడు, ఎవరు తిరిగి అప్పగిస్తారో ప్రోగ్రామ్ రాసేటప్పుడే తేల్చుకునే అలవాటు వారికి అక్కడ అక్కరకొస్తుంది. క్వార్టర్ ఖాళీ చేస్తూ తాళాలన్నీ లెక్కపెట్టి అప్పగించి, రిజిస్టరులో సంతకం పెట్టించుకుని బయటికి వచ్చే పెద్దలను చూసి పెరిగిన పిల్లలకు ఆ అలవాటు బొత్తిగా కొత్తది కాదు.